మడత మీద గింజ

కొత్తగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే ఫిర్యాదు: నిన్న పనిచేసింది, ఇవాళ చేయడం లేదు, నేనేమీ చేయలేదు. నేను వాళ్ల తెర వైపు చూడను. చివరిసారి ఏం మార్చావని అడుగుతాను. ఏమీ మార్చలేదంటారు. మళ్లీ అడుగుతాను. మూడోసారికి నా గొంతు కాస్త పెరుగుతుంది, వాళ్లకు అన్నీ గుర్తుకొస్తాయి. ఇదేదో నా అనుభవం నేర్పిన పద్ధతి అని వాళ్ల నమ్మకం. కాదు. నల్లగొండలో ఒక సైకిల్ దుకాణం పైన ఉన్న కంప్యూటర్ సెంటర్లో నాతో ఒకే కీబోర్డు పంచుకున్న దర్జీ కూతురిది ఆ ప్రశ్న. అడిగిన ప్రతిసారీ ఆమె గుర్తొస్తుంది. రోజుకు పదిసార్లయినా అడుగుతాను కాబట్టి రోజుకు పదిసార్లు గుర్తొస్తుంది.

తొంభైల చివరి మాట ఇది. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్నాను. మాది నల్లగొండకు బస్సులో గంట దూరంలో ఉండే నేతవాళ్ల ఊరు. ఇంటింటా మగ్గం. చిన్నప్పుడు మగ్గం చప్పుడుకు నిద్ర పట్టేది, అది ఆగితే మెలకువ వచ్చేది. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. బాపు, నేను, ఒక మగ్గం మిగిలాం. ఆయన నన్ను చదివించాడు గానీ, చదివి ఏం చేయాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. అప్పుడు అందరూ కంప్యూటర్ నేర్చుకుంటున్నారని నేనూ వెళ్లాను.

సెంటర్లో నాలుగు మెషిన్లు, ఎనిమిది మందిమి. చెప్పులు బయట విడవాలి. తలుపుకు మందపాటి పరదా. లోపల చల్లగా, కొత్త ప్లాస్టిక్ వాసనతో ఉండేది. మా సారు కుర్రవాడే. హైదరాబాదులో ఆరు నెలలు నేర్చుకుని వచ్చి, ఇవాళ చదివిన పేజీలు రేపు మాకు చెప్పేవాడు. నిజాయితీపరుడు, తెలియకపోతే తెలియదనేవాడు. ఆయన నేర్పింది డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాయడం: తెర మీద ఒక ఫారం గీసి, దాని మీద బటన్లు పెట్టి, బటన్ నొక్కితే ఏం జరగాలో వెనక రాయాలి. మొదటివారంలోనే ఒక సంగతి చెప్పాడు. ఏ వరుసకైనా ముందు చిన్న కామా లాంటి గుర్తు పైన పెడితే ఆ వరుసను మెషిన్ చదవదట. మరి ఎందుకు రాయడం అని నేను అడిగాను. నీ వెనక వచ్చే మనిషి కోసం అన్నాడు.

నాకు మొదట వచ్చిన కష్టం బటన్‌తోనే. బటన్ గీశాను, దానికి రాయాల్సింది రాశాను. తర్వాత ఆ బటన్‌కు మెషిన్ తనంతట తాను పెట్టిన పేరు నాకు నచ్చలేదు. మంచి పేరు పెట్టాను. నొక్కితే ఏమీ కాలేదు. గట్టిగా నొక్కాను. ఇంకా గట్టిగా నొక్కాను. మౌసు చెడిపోయిందని సారుకు చెప్పబోతుంటే పక్క కుర్చీలోని అమ్మాయి మెల్లగా అడిగింది, చివరిసారి ఏం మార్చావని. నేనేమీ మార్చలేదన్నాను. ఆమె కోప్పడలేదు, మళ్లీ అడిగింది. అప్పుడు పేరు సంగతి చెప్పాను.

"నువ్వు రాసిందంతా పాత పేరు మీదనే ఉన్నది. కొత్త పేరు మీద ఏం లేదు. నొక్కితే అదేం జేస్తది పాపం" అంది.

వాళ్ల నాన్నకు బజారులో దర్జీ దుకాణం. చొక్కా బిగుతైందని ఎవరొచ్చినా ఆయన టేపు తీయడట, తీసుకెళ్లాక దీన్ని ఏం చేశారని అడుగుతాడట. ఏమీ చేయలేదని అందరూ అంటారు. కాసేపటికి ఉడుకు నీళ్లలో నానబెట్టామని బయటపడుతుంది. చిన్నప్పటినుంచీ ఆ దుకాణంలో కాజాలు కుడుతూ ఆమె విన్నది అదే. మేమిద్దరం కంప్యూటర్ నేర్చుకోవడం మొదలుపెట్టింది ఒకేరోజు. కానీ ఆమె ఆ ప్రశ్నతో వచ్చింది, నేను ఉత్త చేతులతో వచ్చాను.

నాకన్నా ఏడాదిన్నర పెద్దది. ఇంట్లో చిన్నవాళ్లు ఆమెను ఆపా, అంటే అక్కా, అంటారని తెలిసి, ఆటపట్టించడానికి నేనూ ఆపా అన్నాను. అదే నిలిచిపోయింది. ఆమె నన్ను చెల్లె అనేది. మధ్యాహ్నం నా జొన్నరొట్టె ఆమె తినేది, ఆమె తెచ్చిన పుల్లటి పప్పన్నం నేను తినేదాన్ని. ఆమె ఉర్దూ నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం ఆమె ముఖం చూసి తెలుసుకునేదాన్ని.

ఇంతలో బాపు కళ్లు. సూదిలో దారం ఎక్కడం లేదని కొన్నాళ్లు, పక్కన ఎవరు నిలబడ్డారో తెలియడం లేదని కొన్నాళ్లు. దవాఖానలో కంటి నరం ఎండిపోతోందన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేమన్నారు. చుట్టుపక్కల అంతా మసకబారి, ఆయనకు నడిమి చూపు మాత్రం మిగిలింది. ఎదురుగా ఉన్న మనిషి ముక్కు కనిపించేది, చెవులు కనిపించేవి కావు. దానిమీద కూడా ఆయన నవ్వులాట ఆడేవాడు.

బాపు తలపుల్లో ఒక రుమాలు ఉండేది. ఎరుపు, నలుపు, తెలుపు రంగులది, నూనెలో నానబెట్టిన నూలుతో నేసేది. మధ్యలో ఎదురెదురుగా రెండు పిట్టలు. మా తాత నుంచి ఆయనకు వచ్చిన నమూనా. నేను పుట్టకముందే షావుకార్లు దాన్ని అడగడం మానేశారు, బాపు చీరలకు మళ్లాడు. నేసినవన్నీ అమ్ముడుపోయాయి. గళ్ల కాగితం మీద వేసిపెట్టుకున్న నమూనాను చెదలు తిన్నాయి. ఒక్క రుమాలైనా దాచుకోలేదేమని ఒకసారి కసురుకున్నాను. నేసేవాడు దాచుకుంటాడా అన్నాడు.

ఆ రుమాలు చూడాలని ఉందని ఆయన ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. కానీ కూర్చున్నచోట మోకాలి మీద వేళ్లతో గళ్లు లెక్కపెడుతుంటే చూశాను. ఇక పోగులు కట్టడం ఆయనవల్ల కాదు. నాకా నేత రాదు, చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు పట్టీలతో పోగులు కట్టడం వరకే వచ్చు. అప్పుడే నాకు తోచింది. గళ్లే కదా. కంప్యూటర్ తెర మీద గళ్లు నింపడం నాకు వచ్చు. బాపు చూపు పూర్తిగా పోకముందే ఆ రెండు పిట్టలను ఆయన తన కళ్లతో ఒక్కసారి చూడాలి. ఆ ఏడాది నాకు ఇంకో కోరిక లేదు.

పొద్దున్నే చాయ్ తాగాక బాపు చెప్పేవాడు, నేను నోటుపుస్తకంలో రాసేదాన్ని. నోటితో చెప్పమంటే రాలేదు. చేతిలో నూలు చుట్ట పెడితే గానీ ఆయనకు నమూనా కదల్లేదు. పోగులను సగానికి మడిచి పట్టుకుని, వేళ్లు జరుపుకుంటూ, మూడు ఎరుపు, రెండు నలుపు, ఒకటి తెలుపు అని అంచు నుంచి నడిమికి చెప్పుకొచ్చేవాడు. ప్రతి వరుస చివర "ఇగ మడత" అని ఆగేవాడు. ఒక్కో వరుసకు ఇరవై నాలుగు గళ్లు. ఒక పిట్ట మాత్రమే. రెండో పిట్టను మావాళ్లు ఎవరూ కట్టరు. పోగును మడిచి కడితే, విప్పినప్పుడు రెండోది దానంతటదే వస్తుంది. మా ఊళ్లో ఏ నేతగాణ్ణి అడిగినా సగం నమూనానే చెబుతాడు. మిగతా సగం చెప్పాల్సిన అవసరం తరతరాలుగా ఎవరికీ పడలేదు.

నేను సగం రాసుకుని సెంటర్‌కు వెళ్లాను. సారు ఒప్పుకున్నాడు. ఆపా తన ప్రాజెక్టు పక్కన పెట్టి నాతో కూర్చుంది. మీ బాపుకు చూపియ్యాలె గద, ముందు ఇది కానీ అంది.

మొదలైనవి మా కష్టాలు. గళ్లు నింపే చోట ఒక అంకెను పెంచడం మరిచిపోయాను. మెషిన్ మొదటి గడినే నింపుతూ కూర్చుంది. తెర బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా కదల్లేదు. సారు వచ్చి స్విచ్ ఆపేశాడు. గంట సేపు రాసింది పోయింది, ఎక్కడా సేవ్ చేయలేదు మరి. నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా, ఎనిమిది మంది ముందు ఏడ్చాను. ఆపా ఓదార్చలేదు. ఇకనుంచి నువ్వు రన్ నొక్కబోయే ముందు నేను గుర్తుచేస్తానంది. అప్పటినుంచీ నా చేయి రన్ వైపు కదలగానే బల్ల కింద నా మోకాలి మీద వేలితో రెండుసార్లు కొట్టేది. సేవ్ చేసేదాన్ని, తర్వాత నొక్కేదాన్ని. కరెంటు ఎన్నిసార్లు పోయినా ఆ తర్వాత మా పని పోలేదు.

నాకు ఓపిక తక్కువ. తప్పు దొరక్కపోతే నాలుగు చోట్ల నాలుగు మార్పులు ఒకేసారి చేసేదాన్ని. బాగైతే దేనివల్ల బాగైందో తెలిసేది కాదు, చెడితే దేనివల్ల చెడిందో తెలిసేది కాదు. ఆపా కీబోర్డు తన వైపు లాక్కునేది. ఒక కుట్టు విప్పు, తొడిగి చూడు, తర్వాత ఇంకోటి విప్పు, అన్నీ విప్పితే చొక్కా ఉండదు అనేది. ఏం మార్చామో నోటుపుస్తకంలో రాసేది. ఆ పుస్తకంలో ఒక పక్క బాపు గళ్లు, ఇంకో పక్క ఆమె రాతలు. అది ఇప్పుడు నా దగ్గర లేదు. ఉంటే బాగుండును.

మొదటి పిట్ట తెర మీద వాలినరోజు మేం ఎనిమిది మందిమీ లేచి నిలబడి చూశాం. రెండో పిట్ట కోసం నేను రాసింది చాలా తేలిక: ఒకటో గడి నుంచి ఇరవై నాలుగు దాకా వెళ్లు, మళ్లీ ఇరవై నాలుగు నుంచి ఒకటి దాకా వెనక్కి రా. మడత విప్పినట్టే. నొక్కాను. రెండు పిట్టలు ఎదురెదురుగా వచ్చాయి. ఒక్కోదాని ముక్కు ముందు ఒక్కో తెల్లటి గింజ. నేను ఆ రుమాలు ఎప్పుడూ చూసినదాన్ని కాదు. రెండు పిట్టలు, రెండు గింజలు, న్యాయంగానే ఉందనుకున్నాను. ఆపా తెర వైపు చూసి, నోటుపుస్తకం దగ్గరికి లాక్కుంది. నేను పట్టించుకోలేదు.

బాపును నల్లగొండ దాకా తెచ్చి, ఆ ఇరుకు మెట్లు ఎక్కించడం భయం. మా ఊళ్లో నేతవాళ్ల సంఘం ఆఫీసుకు అప్పుడే ఒక కంప్యూటర్ వచ్చింది. దాన్ని గుడ్డ కప్పి దేవుడిలా ఉంచారు. అక్కడైతే బాపు నా భుజం పట్టుకుని నడిచి రాగలడు. ప్రోగ్రామును ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాను. ఆదివారం బాపు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు. సంఘం మేనేజరు గుడ్డ తీశాడు, ఇద్దరు ముగ్గురు నేతగాళ్లు వచ్చి వెనక నిలబడ్డారు. ఫ్లాపీ పెట్టి నొక్కాను. పిట్టలు రాలేదు. ఏదో ఫైలు దొరకలేదని ఇంగ్లీషులో చిన్న డబ్బా వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే డబ్బా.

బాపు తెరకు దగ్గరగా ముఖం పెట్టి, ఇదేనా అని అడిగాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఈ మెషిన్ బాగాలేదని అబద్ధం చెప్పాను. ఆయన నవ్వి, "ఫికర్ జేయకు బిడ్డా, మల్లొద్దాం" అన్నాడు. కానీ తిరిగి వచ్చేటప్పుడు నా భుజం మీద ఆయన చేయి మునుపటికన్నా గట్టిగా పట్టుకుని ఉంది. అంతకు ముందు ఆదివారానికీ ఆ ఆదివారానికీ మధ్యనే ఆయన చూపు ఇంకొంత తగ్గింది. మళ్లీ వచ్చేనాటికి ఎంత మిగులుతుందో ఇద్దరికీ తెలియదు.

మర్నాడు సెంటర్‌కు మండిపోతూ వెళ్లాను. సారు చెప్పాడు: ప్రోగ్రాము ఒక్కటే పట్టుకుపోతే చాలదు. అది నడవడానికి ఇక్కడి మెషిన్లో ఉన్న ఫైళ్లు కొన్ని దానికి కావాలి. అవన్నీ కలిపి మూటకట్టి, మూడు నాలుగు ఫ్లాపీల్లో పెట్టి, అక్కడ విప్పుకోవాలి. కొత్తవాళ్లందరూ చేసే పొరపాటేనట. ఈ ముక్క శనివారమే చెప్పి ఉంటే అనుకున్నాను, పైకి అనలేదు. అనాల్సిన మనిషిని వదిలి, అనకూడని మనిషిని అన్నాను.

ఆపా అప్పుడే నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని ఉంది. ప్రతి వరుస చివరా నేను రాసుకున్న మడత అనే మాట మీద వేలు పెట్టి, మూట ఎట్లాగూ కడుతున్నాం గనక ఇది కూడా చూడమంది. కుర్తా కత్తిరించేటప్పుడు గుడ్డను మడిచి, మడత మీద కాగితం పెట్టి కోస్తారు, విప్పితే నడిమి భాగం ఒక్కటే ఉంటుంది, రెండుండవు. నా ప్రోగ్రాము నడిమి గడిని పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి రెండుసార్లు లెక్కపెడుతున్నట్టుందని చెప్పింది. "గింజ ఒక్కటే ఉండాలెనేమో చెల్లె. మీ బాపును అడుగు" అంది.

నిన్నటి అవమానం అంతా నా నాలుక మీదికి వచ్చింది.

"మగ్గం సంగతి దర్జీ దుకాణంల నేర్చుకుంటరా?" అన్నాను.

చుట్టూ అందరూ విన్నారు. ఆపా నోటుపుస్తకం మూసింది. ఆమె నాలుగు మాటలు తిరిగి అని ఉంటే ఇన్నేళ్లు నేను ఇలా మోసేదాన్ని కాదు.

నాకు అప్పుడు తట్టనిది ఇది. పోగులు కట్టేటప్పుడు మడత మీద పడే గడికి సగమే కడతాం. విప్పితే అది నిండు గడి అవుతుంది. చిన్నప్పటినుంచీ నా వేళ్లు చేసిన పనే. కానీ ఆ పని నూలే చేసిపెట్టేది, మేము లెక్కపెట్టాల్సిన అవసరం ఉండేది కాదు. అందుకే నా చేతికి తెలిసింది నా తలకు తెలియలేదు. తన చేతి పనిని తలతో కూడా చూసే అలవాటు ఆపాకు ఉండేది. నాకు లేదు.

తర్వాత ఐదారు రోజులు ఒకే మెషిన్ ముందు మాట లేకుండా కూర్చున్నాం. నా చేయి రన్ వైపు పోతే మోకాలి మీద వేలు మాత్రం రెండుసార్లు తగిలేది. కోపంలో కూడా ఆ పని మానలేదు. నేను మూట కట్టడానికి ప్రయత్నించి రెండుసార్లు చెడగొట్టాను. సాయం అడగడానికి మనసు ఒప్పుకోలేదు. సోమవారం మాట్లాడదాం అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, బస్సులో ఏమనాలో కూడా చూసుకున్నాను.

సోమవారం ఆమె కుర్చీ ఖాళీ. సారు చెప్పాడు, వాళ్ల ఇల్లు ఖాళీ చేశారని. మక్తల్‌లో ఆమె మేనమామ దుకాణం ఉందట, నాన్న అక్కడ కలిసి పనిచేస్తాడట, అందరూ వెళ్లిపోయారు. ఈ సంగతి ఆమెకు వారం ముందే తెలుసు. చెప్పడానికి నేను చోటివ్వలేదు. శనివారం అందరూ వెళ్లాక ఒక్కతే గంటన్నర కూర్చుని వెళ్లిందట. నాకు ఇవ్వమని ఒక చిన్న గుడ్డసంచి ఇచ్చింది. నీలం చారల చొక్కా గుడ్డలో మిగిలిన ముక్కతో కుట్టింది. లోపల నాలుగు ఫ్లాపీలు, ఒకటి రెండు మూడు నాలుగు అని అంకెలు వేసి. ఉత్తరం ఏమైనా ఉందేమోనని సంచి తిరగేసి చూశాను. లేదు.

మూట కట్టి పెట్టింది. మా బాపు కోసం.

ఆ సాయంత్రమే సంఘం ఆఫీసుకు వెళ్లాం. ఈసారి బాపు ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు, నేనూ ఎవరినీ పిలవలేదు. ఒక్కో ఫ్లాపీ పెడుతుంటే మెషిన్ లోపల గరగర శబ్దం. మూడోదాని దగ్గర చాలాసేపు ఆగింది. నా ప్రాణం అక్కడే ఆగింది. తర్వాత కదిలింది. నాలుగోది అయ్యాక నొక్కాను.

బాపు కుర్చీ ముందుకు లాక్కుని, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగాడు. మొత్తం ఒకేసారి కనిపించదు ఆయనకు. ఎడమ అంచు నుంచి మెల్లగా తల జరుపుకుంటూ వచ్చాడు, వేలు మోకాలి మీద గళ్లు లెక్కపెడుతోంది. పిట్ట తోక, రెక్క, మెడ, ముక్కు. నడిమికి వచ్చి ఆగాడు. అక్కడే చాలాసేపు ఉండిపోయాడు. రెండు గింజలు కనిపించాయేమో, ఆపా అన్న మాట నిజమేమో అనిపించింది. ఆ క్షణం దాకా నేను ఆయన్ను అడగలేదు. అడిగితే నా మాట తప్పవుతుందేమోనన్న భయం.

"మంచిగ కట్టినవ్ బిడ్డా" అన్నాడు. "గింజ ఒక్కటే వచ్చింది. మా నాయిన చెప్పేటోడు, రెండు పిట్టలకు ఒక్కటే గింజ, అందుకే ఎదురుబొదురు గూసున్నయని."

నేను వంగి చూశాను. రెండు ముక్కుల మధ్య ఒక్కటే తెల్ల గడి. నేను రాసింది అది కాదు. బాపు చేయి తడుముకుంటూ వచ్చి నా తల మీద ఆగింది. కాదు బాపూ, నేను కాదు అని చెప్పాలి. చెప్పలేదు. ఆయన కుడి పిట్టను తోక దాకా చూసి, మళ్లీ ఎడమకు వచ్చి, మళ్లీ మొదలుపెట్టాడు. మూడుసార్లు చూశాడు. మేనేజరు తాళం వేసుకునే వేళయిందని చెప్పేదాకా చూశాడు.

మర్నాడు సెంటర్లో మా మెషిన్ తెరిచి నేను రాసిన చోటికి వెళ్లాను. వెనక్కి వచ్చే చోట ఇరవై నాలుగు లేదు, ఇరవై మూడు ఉంది. ఒక్క అంకె. దాని మీద ఒక వరుస ఉంది, ముందు మెషిన్ చదవకుండా ఉండే గుర్తుతో. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: మడత మీద ఒక్కసారే, చెల్లె.

నేను సంచిలో వెతికిన ఉత్తరం అది.

ఆ వరుస కింద నేనూ గుర్తు పెట్టి ఒకటి టైపు చేశాను. ఆపా, మగ్గం సంగతి దర్జీ దుకాణంలనే నేర్చుకున్న. సేవ్ చేశాను. మా బ్యాచ్ అయిపోగానే సారు కొత్తవాళ్ల కోసం ఆ మెషిన్లన్నీ తుడిచేశాడు. రెండు వరుసలూ కలిసే పోయి ఉంటాయి.

ఆ రాత్రి అన్నం పెడుతూ బాపుకు అంతా చెప్పాను, నేనన్న మాటతో సహా. ఆయన తినడం ఆపాడు.

"నాకు జెప్తే ఏమొస్తది బిడ్డా. ఆ పిల్లకు జెప్పు" అన్నాడు.

మూడు నెలలకు గానీ మక్తల్‌కు వెళ్లలేకపోయాను. మహబూబ్‌నగర్‌లో బస్సు మారి, ఎండిన చేల మధ్య రోజంతా ప్రయాణం. బజారులో ఉన్న ప్రతి దర్జీ దుకాణం ముందూ నిలబడ్డాను. నల్లగొండ నుంచి వచ్చిన కుటుంబం అంటే ఒకాయన గుర్తుపట్టాడు, రెండు నెలలుండి వెళ్లిపోయారన్నాడు. ఎటు వెళ్లారో తెలియదు. రాయచూరు అని ఒకరు, ఇంకెటో అని ఇంకొకరు. గుర్తుపట్టినాయనకు నీలం చారల సంచి చూపించాను. వేళ్లతో అంచు తడిమి, మంచి చేతి కుట్టని మెచ్చుకుని తిరిగి ఇచ్చాడు. ఇంటికి వచ్చేసరికి బాపు గడపలో కూర్చుని ఉన్నాడు. అప్పటికి ఆయనకు మనిషి వచ్చినట్టు అడుగుల చప్పుడును బట్టే తెలుస్తోంది. దొరికిందా అన్నాడు. లేదన్నాను. మళ్ల పో అన్నాడు. మళ్లీ వెళ్లాను, ఆయన ఉన్నప్పుడొకసారి, పోయాక ఒకసారి.

ఆ ఫ్లాపీలను ఇప్పుడు ఏ మెషినూ చదవదు. సంచి మాత్రం నా బల్ల సొరుగులో ఉంది. ఒక గుడ్డ ముక్కను మడిచి రెండు పక్కలా కుట్టింది. మడత ఉన్న అడుగున కుట్టు లేదు, అక్కడ అవసరం లేదు. ఎక్కడో ఒకచోట ఆమె కూడా ఎవరినో, చివరిసారి ఏం మార్చావని అడుగుతూ ఉంటుందని అనుకుంటాను. అలా అనుకోవడం నాకు అలవాటు.

పిల్లల ప్రోగ్రాములు సరిచేసేటప్పుడు రన్ నొక్కబోయి ఒక్క క్షణం ఆగుతాను. సేవ్ చేయడానికి ఆగానని వాళ్లు అనుకుంటారు.